నవ్వుల కవాతు

కందకం నిండా నీళ్లు. సైనికుడు చార్లీ చాప్లిన్ మాత్రం మునిగిపోయిన పడక మీదే తలగడ సర్దుకుని, గాలి కోసం గ్రామఫోను గొట్టం నోట పెట్టుకుని పడుకుంటాడు. 'షోల్డర్ ఆర్మ్స్'లోని ఈ దృశ్యం తెరకెక్కింది 1918 అక్టోబరులో. మొదటి ప్రపంచ యుద్ధం ముగియడానికి ఇంకా మూడు వారాలుంది. యుద్ధంతో పరాచికాలు ప్రమాదమని చాప్లిన్‌ను ముందే హెచ్చరించారు. ప్రేక్షకులు మాత్రం విరగబడి చూశారు.

కానీ మనసులో నిలిచేది మరో సన్నివేశం. టపా వస్తుంది, అతనికి తప్ప అందరికీ. పక్కవాడి భుజం మీదుగా వాడి ఉత్తరం తానూ చదువుతూ, వాడు నవ్వితే నవ్వుతాడు, దిగులుపడితే దిగులుపడతాడు.

పాత సైనిక హాస్య చిత్రాలు నేటికీ పాతబడకపోవడానికి కారణం ఇదే. వాటిలో హీరో యోధుడు కాదు, బలవంతాన యూనిఫాం తొడిగిన మామూలు మనిషి. 1940 సెప్టెంబరులో అమెరికా నిర్బంధ సైనిక సేవ చట్టం తెచ్చింది. నాలుగు నెలలకే 'బక్ ప్రైవేట్స్'లో అబ్బాట్, కాస్టెలో పోలీసుకు భయపడి ఒక సినిమా హాల్లో దూరతారు. తీరా అది సైనిక భర్తీ కేంద్రం! బ్రిటన్‌లో 'క్యారీ ఆన్ సార్జెంట్' (1958) కథానాయకుడికి పెళ్లి రోజే పిలుపొస్తుంది. రిటైరవబోతున్న సార్జెంటేమో ఈ పనికిరాని దళాన్నే అగ్రస్థానంలో నిలుపుతానని 50 పౌండ్లు పందెం కాస్తాడు. (ఆ పరంపరలో తర్వాతి చిత్రాల మోటు హాస్యం వేరే సంగతి.) అప్పటి బ్రిటిష్ ప్రేక్షకుల్లో చాలామందికి అలాంటి సార్జెంట్ స్వానుభవమే. 1970 నాటి 'మాష్' కథ కొరియాలో జరిగినా, జనం అందులో చూసుకున్నది వియత్నాంనే.

మరి మన దగ్గర ఈ తరహా ఎందుకు వేళ్లూనలేదు? భారత్‌లో నిర్బంధ సేవ ఏనాడూ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన దాదాపు 25 లక్షల మందీ స్వచ్ఛందంగా చేరినవారే. పేదరికం కొందరిని నెట్టి ఉండొచ్చు, చట్టం మాత్రం కాదు. బ్యారక్కు ఇంటింటి జ్ఞాపకం కానిచోట సైనికుడు దూరం నుంచి మొక్కే మూర్తి అవుతాడు. 'హకీకత్' (1964) నుంచి 'బోర్డర్' (1997) దాకా మనం కన్నీళ్లే పెట్టుకున్నాం. శిక్షణ శిబిరంలోని చిలిపితనాన్ని కాస్త చూపింది దూరదర్శన్ 'ఫౌజీ' (1989). షారుఖ్ ఖాన్‌ను ఇంటింటికీ పరిచయం చేసిందీ అదే.

చాప్లిన్ సైనికుడు చివరికి జర్మనీ చక్రవర్తినే బంధిస్తాడు. అంతలో ఎవరో తట్టి లేపుతారు. అతనింకా శిక్షణ శిబిరంలో, తన గుడారంలోనే ఉన్నాడు.