నడినెత్తిన ఉపగ్రహం, ఊగే పడవ

2006 జులై 10 సాయంత్రం శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్‌ఎల్‌వీ రాకెట్ కాసేపటికే దారి తప్పి బంగాళాఖాతం మీద ముక్కలైంది. చుట్టూ కట్టిన నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లలో ఒకటి నెట్టే శక్తి కోల్పోయింది. రాకెట్ మోసుకెళ్తున్నది ఇన్‌శాట్-4సి. ఇంటి మిద్దెల మీది చిన్న డిష్‌లకు టీవీ చానళ్లు పంపడానికి 12 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లతో తయారైన ఉపగ్రహం అది. అలా మన సముద్రం పాలైంది. దాని స్థానంలో 2007 సెప్టెంబరు 2న అదే తీరం నుంచి ఇన్‌శాట్-4సీఆర్ వెళ్లి కక్ష్యలో కుదురుకుంది. శ్రీహరికోట అప్పటికి నెల్లూరు జిల్లాలోదే; తిరుపతి జిల్లాలోకి వెళ్లింది 2022లో.

టీవీ ఉపగ్రహాన్ని పంపిన ఈ తీరంలోనే, ఒడ్డు వదిలిన పడవలో టీవీ చూడటం ఎందుకంత కష్టం? విహారానికి బోటు ఉంచుకున్నవారు టీవీ మార్చాలనగానే పెద్ద తెర గురించి ఆలోచిస్తారు. తెర తేలికే. కష్టమంతా గురి దగ్గర ఉంది.

ఆ గురి కథ కోళ్ల జాలీతో మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చూపించారు. దాని పేరు సైట్ ప్రయోగం. ఊరి టీవీకి తోడుగా మూడు మీటర్ల వెడల్పున, కోళ్లగూటికి కొట్టే జాలీతో చేసిన గొడుగు ఉండేది. దాన్ని ఒకసారి గురిపెట్టి నేలలో పాతేస్తే ఇక కదిపే పనిలేదు. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకు ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తుంది. ఈ ఏర్పాటంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: కింద నేల కదలదు.

పడవలో ఆ నమ్మకమే ఉండదు.

ఉపగ్రహాల కాలానికి ముందు పడవకు కడ్డీల యాంటెన్నా ఉండేది. నూటయాభై మీటర్ల టవర్ నుంచి వచ్చే సిగ్నల్, నాలుగు మీటర్ల ఎత్తున కట్టిన పడవ యాంటెన్నాకు లెక్క ప్రకారం అరవై కిలోమీటర్ల దాకా అందుతుంది. ఆపైన భూమి వంపు అడ్డొస్తుంది. ఇప్పుడు ఆ దారి కూడా లేదు. దూరదర్శన్ టవర్ ప్రసారాలు 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా ఆగిపోయాయి. ఒడ్డు దగ్గర ఉన్నంతసేపు ఫోన్ సిగ్నల్‌తో సరిపెట్టుకోవచ్చు. లోపలికి పోతే ఆకాశమే దిక్కు.

అరవై సెంటీమీటర్ల డిష్ చూపు చాలా సన్ననిది. అది పట్టే కిరణం వెడల్పు సుమారు మూడు డిగ్రీలు. నడుమ నుంచి డిగ్రీన్నర పక్కకు జరిగితే అందే శక్తి సగానికి పడిపోతుంది. ఒక మోస్తరు కెరటానికే చిన్న పడవ పదిహేను డిగ్రీలు ఒరుగుతుంది. లంగరు వేసినా కుదురుండదు. గాలి మారితే లంగరు చుట్టూ తిరిగి ముఖం ఇంకో దిక్కు పెడుతుంది. పులికాట్ లాంటి నిశ్చలమైన నీళ్లలోనూ మిద్దె మీది డిష్ తెచ్చి పడవకు బిగిస్తే బొమ్మ నిలవకపోవడానికి కారణం ఇదే.

అందుకే బోట్ల మీద తెల్లని గుమ్మటాలు వచ్చాయి. పైన కనిపించేది ఫైబర్‌గ్లాస్ తొడుగు మాత్రమే. రేడియో తరంగాలు దాన్ని దాటుకుని లోపలికి వస్తాయి. గాలి, ఉప్పునీటి తుంపర రావు. లోపల చిన్న డిష్, దాన్ని తిప్పే మోటార్లు, ఒరుగు పసిగట్టే గైరోస్కోపులు ఉంటాయి. ఇప్పటి గైరోలో తిరిగే చక్రం లేదు. గోరంత సిలికాన్ ముక్క సన్నగా కంపిస్తూ ఉంటుంది. పడవ తిరిగితే ఆ కంపనం పక్కకు లాగబడుతుంది. ఆ లాగుడును కొలిచి మోటారుకు ఎదురు ఆజ్ఞ ఇస్తారు. దానితోపాటు డిష్ అటూ ఇటూ కొద్దిగా కదిలి సిగ్నల్ ఎటు పెరుగుతోందో వెతుక్కుంటూ ఉంటుంది. పడవ ఎంత ఊగినా డిష్ మాత్రం ఆకాశంలో ఒకే చోటికి చూస్తుంది. ఈ పనితనం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఇక్కడే నెల్లూరు తీరంలో ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. మనం భూమధ్యరేఖకు పద్నాలుగున్నర డిగ్రీల దూరంలోనే ఉన్నాం. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి టీవీ ఉపగ్రహాలు మనకు దిగంతం నుంచి 73 డిగ్రీల ఎత్తున, ఇంచుమించు నడినెత్తిన ఉంటాయి. 93.5 డిగ్రీల దగ్గర, డీడీ ఫ్రీ డిష్ చానళ్లు పంపే జీశాట్-15 ఆగ్నేయంగా 67 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఇంటి డిష్‌కు ఇది అదృష్టం: కొబ్బరిచెట్లు అడ్డురావు, ఈశాన్య రుతుపవనాల వానలో సిగ్నల్ దాటాల్సిన దూరం కూడా తక్కువ. పడవ గుమ్మటానికి మాత్రం ఇదే పరీక్ష.

దూరంగా ఎగిరే కొంగను చూడాలంటే మెడ కాస్త తిప్పితే చాలు. అదే కొంగ సరిగ్గా నెత్తి మీదుగా దాటితే ఒళ్లంతా గిర్రున తిప్పాలి. చౌక గుమ్మటాల్లో రెండే మోటార్లు: ఒకటి కుమ్మరి సారెలా గుండ్రంగా తిప్పుతుంది, రెండోది తల పైకీ కిందికీ ఆడిస్తుంది. పడవ పదిహేడు డిగ్రీలు ఉపగ్రహం వైపు ఒరిగిందంటే ఉపగ్రహం సరిగ్గా ఆ సారె ఇరుసు మీదికి వస్తుంది. అప్పుడు డిష్ కన్నుమూసి తెరిచేలోగా వెనక్కి తిరగాలి. మోటారు అందుకోలేదు, బొమ్మ గడ్డకడుతుంది. ఐరోపా సముద్రాల్లో ఉపగ్రహాలు ఆకాశంలో బాగా కిందికి ఉంటాయి కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. మన తీరంలో వాడదలచినవారు పక్కవాటు ఒరుగును సర్దే మూడో మోటారు ఉన్న గుమ్మటమే కొనాలని నా గట్టి అభిప్రాయం. డిష్ ఎంత ఎత్తు దాకా చూడగలదో, మన ఉపగ్రహాల వివరాలు దాని జ్ఞాపకంలో ఎక్కించారో లేదో కొనకముందే అడగాలి.

తెర విషయం క్లుప్తంగా. నేరుగా 12 వోల్టుల మీద నడిచే ఎల్‌ఈడీ టీవీ మేలు. ఇన్వర్టరుతో 230కి పెంచి మళ్లీ తగ్గిస్తే దారిలో కరెంటు వేడిగా పోతుంది. ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టులు దాటుతుంది, టీవీ దాన్ని తట్టుకోవాలి. టీవీ, సెట్‌టాప్ బాక్స్, గుమ్మటం కలిసి ఆరు ఆంపియర్లు లాగితే, వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం ఎనిమిది గంటల్లో ఖాళీ. కేబుల్ కొసల్లోకి ఉప్పు గాలి చొరబడి రాగిని పచ్చగా తినేస్తుంది, కాబట్టి తగరం పూసిన తీగ, నీరు చొరని టేపు వాడాలి.

ఆకాశంతో మాట్లాడే ఇంకో పెట్టె ఉంది, దానికి గురే అక్కర్లేదు. 2024 ఆగస్టులో లక్ష వేట పడవలకు ట్రాన్స్‌పాండర్లు బిగించే జాతీయ పథకం మొదలైంది. అవి శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన జీశాట్-6తో మాట్లాడతాయి. ఆ ఉపగ్రహానికి కక్ష్యలో గొడుగులా విచ్చుకునే ఆరు మీటర్ల యాంటెన్నా ఉంది. పైన అంత పెద్ద గొడుగు ఉండటం వల్ల, పంపేది రెండు ముక్కల సందేశం కావడం వల్ల, కింద పడవ ఎటు ఒరిగినా అది అందుతుంది. క్షణానికి లక్షల అంకెలు కావాల్సిన టీవీ బొమ్మకు ఆ వెసులుబాటు లేదు.

బోటులో అలాంటి పెట్టె ఉంటే టీవీ వల్ల అది ఆగిపోకూడదు. అందుకే టీవీ తీగలు లాగించేటప్పుడు బ్యాటరీలు రెండు పెట్టించాలి. టీవీ రాత్రంతా నడిచి తన బ్యాటరీని తాగేసినా, ఇంజను స్టార్టరుకూ ఆపదలో కబురు పంపే పెట్టెకూ రెండోది నిండుగా ఉంటుంది.