ఫొటో తీయగానే సరా? దాచుకోవద్దూ!

(మా గ్రామీణ విలేఖరి నుంచి)

పొద్దున్నే ఆరింటికి ఉప్పలపాడు చెరువు గట్టు మీద నిలబడితే ముందు వినిపించేది పక్షుల గోల. ఆ తర్వాత కెమెరాల టకటకలు. గుంటూరుకు దగ్గర్లోనే వున్న ఈ వూరి చెరువులో, సర్కారు తుమ్మ చెట్ల మీద, చలికాలం వచ్చిందంటే పెలికాన్లని పిలిచే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కు కొంగలు గుంపులు గుంపులుగా కాపురం పెడతాయి. వాటిని చూడ్డానికి వచ్చేవాళ్ళలో చాలామంది చేతిలో కెమెరా వుంటుంది. వీళ్ళు పెళ్ళిళ్ళు తీసే స్టూడియోల వాళ్ళు కారు. బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ కుర్రాళ్ళు, సెలవు దొరికిన ఆర్టీసీ కండక్టర్లు. తీసినందుకు వీళ్ళకెవరూ పైసా యివ్వరు. పైగా పెట్రోలు ఖర్చు, యింట్లో చీవాట్లు.

ఆ గుంపులో ఒక రిటైరైన లెక్కల మాస్టారున్నారు. వయసు డెబ్బై దాటింది. పక్క మండలంలోని తన వూరి నుంచి మోపెడ్ మీద వస్తారు. మెడలో పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, సంచిలో మరచెంబుతో నీళ్ళు. ‘‘పిట్టల్ని కళ్ళారా చూస్తే చాలదా, ఫొటోలెందుకని మా ఆవిడ అడుగుతుంది. ఆవిడ యిక్కడిదాకా రాలేదు కదా, ఆవిడకి చూపించడానికే తీస్తున్నా’’ అని నవ్వుతారు.

కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు ఆయన అక్కడే పాఠం చెబుతారు. ‘‘ఆకాశం మీద ఎగిరే పిట్టని తీస్తే నల్లగా పడుతుంది నాయనా. వెనక వెలుతురు చూసి కెమెరా మోసపోతుంది. నువ్వు ఒక మెట్టు పెంచుకోవాలి. రెక్క ఆడించేది కదలకుండా పడాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతుకి మించి తెరుచుకోకూడదు.’’ నలభై మందికి ఒకేసారి ఎక్కాలు చెప్పిన గొంతు. అవతలి గట్టు మీద వున్నవాళ్ళకీ వినబడుతుంది.

పన్నెండు బొమ్మల కాలం

మాస్టారు మొదటి కెమెరా కొన్నది 1976లో. అప్పట్లో చాలామంది యిళ్ళలో కనిపించిన ఆగ్ఫా క్లిక్ 3. రోలుకి పన్నెండే బొమ్మలు. అవి అయిపోతే మళ్ళీ జీతం వచ్చేదాకా ఆగాల్సిందే. ‘‘నొక్కేముందు పదిసార్లు ఆలోచించేవాణ్ణి. మనిషి కళ్ళు మూసుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది’’ అన్నారు. యిప్పుడు ఆయన కెమెరాలో వున్న పదహారు జీబీ కార్డులో, ఏ మార్పూ చేయని రా ఫైళ్ళయినా సరే, ఐదువందలకు పైగా పడతాయి. ఒక గూడబాతు నీళ్ళ మీద వాలే లోపల యాభై ఫొటోలు తీయవచ్చు. తీస్తున్నారు కూడా.

ఆ 1976 నాటి నెగటివులు ఆయన దగ్గర యిప్పటికీ వున్నాయి. బిస్కెట్ల రేకు డబ్బాలో, పాత పంచె ముక్కలో చుట్టి పెట్టారు. ఈ విలేఖరి అడిగితే ఒకటి తీసి కిటికీ వెలుగులో పట్టి చూపించారు. బడి ముందు ఐదో తరగతి పిల్లలు. నెగటివు గనుక ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా వున్నాయి గానీ ఏ ఒక్కరి ముఖమూ చెదరలేదు.

అదే మాస్టారు 2013 నుంచి 2022 దాకా తీసిన ఫొటోలు మాత్రం యిప్పుడు లేవు. ఒక్కటి కూడా లేదనడం అతిశయోక్తి, బంధువుల ఫోన్లలో కొన్ని చిల్లరగా మిగిలాయి. తొమ్మిదేళ్ళ కష్టం, వేల ఫొటోలు ఒకే హార్డు డిస్కులో వుండేవి. 2022 మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ డిస్కు టిక్కు టిక్కుమంటూ గోడగడియారంలా కొట్టుకుని ఆగిపోయింది.

పటం కట్టించడానికి ఫొటో లేదు

పిట్టల ఫొటోలు పోతే మళ్ళీ తీసుకోవచ్చు. మరుసటి ఏడాది అవే చెట్ల మీద అవే జాతి పిట్టలు వాలతాయి. మాస్టారిని కుంగదీసింది అది కాదు.

ఆయన వూళ్ళో సారె తిప్పే ఆఖరి కుమ్మరి ఒకాయన వుండేవాడు. ఆయన మట్టి తొక్కడం దగ్గర్నుంచి ఆవం దింపడం దాకా మాస్టారు ఏళ్ళ తరబడి తీశారు. డిస్కు పోయిన మూడు నెలలకి ఆ పెద్దాయన కాలం చేశాడు. కొడుకులు నేరుగా మాస్టారి యింటికే వచ్చారు. ‘‘పెద్దకర్మకి పటం కట్టించాలి మాస్టారూ, మీ కాడ నాయన బొమ్మలు చాలా వుంటాయిగా’’ అన్నారు. మాస్టారు ఏం చెబుతారు? చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి, చుట్టూ పూలదండ గీయించి, పటం కట్టించారు. ఆ పటం ఈ విలేఖరి చూశాడు. నలభై ఏళ్ళు సారె ముందు కూర్చున్న మనిషి అందులో దొంగతనానికి పట్టుబడినవాడిలా వున్నాడు.

పల్లెల్లో సరదాకి కెమెరా పట్టినవాడి మీద పడే బాధ్యత యిదే. వాడికి తెలియకుండానే వూరి జ్ఞాపకమంతా వాడి యింట్లో పోగుపడుతుంది. పంచాయతీ ఆఫీసులో రికార్డు వుంటుంది, ముఖాలుండవు.

కంప్యూటరు పెట్టెలో మిరప ఘాటు

డిస్కు పట్టుకుని మాస్టారు హైదరాబాదు దాకా వెళ్ళారు. పెద్ద మొత్తం అడిగి, వస్తాయన్న హామీ మాత్రం లేదన్నారట. వెనక్కి వచ్చేశారు. నిజానికి డిస్కు అలా టిక్కుమంటున్నప్పుడు వెంటనే కరెంటు తీసేయాలి. మాస్టారు ఆశ చావక రెండు రోజులపాటు ఆపుతూ, వేస్తూ కూర్చున్నారు. లోపల దెబ్బతిన్న తల పలకను గీసుకుంటూ పోయి, దొరికేవి కూడా దొరకకుండా పోయే ప్రమాదం అందులోనే వుంది.

గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే ఒక కుర్రాడు వచ్చి ఆ పెట్టె మూత తీశాడు. ముందు తుమ్మాడు. లోపల ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కల మధ్య జిన్నింగు మిల్లు నుంచి కొట్టుకొచ్చిన దూది నుసి దుప్పటిలా పరుచుకుంది. దాని మీద ఎర్రగా మిరప ధూళి. మూలన రెండు బల్లి గుడ్లు. మిరప కళ్ళాలు, పత్తి మిల్లులు వున్నచోట కంప్యూటరును నేల మీద, కిటికీ పక్కన పెడితే అంతే మరి. గాలి ఆడక లోపల వేడెక్కుతుంది. వేడెక్కితే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ‘‘కంప్యూటరు ముసలిదైపోయింది, కొత్తది కొనాలంటారు. సగం కేసుల్లో దానికి కావలసింది స్నానం’’ అన్నాడు కుర్రాడు.

ఆ స్నానం యింట్లోనూ చేయించవచ్చు. ప్లగ్గు పీకేసి, పెట్టెను వరండాలోకి తెచ్చి, మెత్తని పెయింటు బ్రష్షుతో నుసి కదిలించి, బ్లోయరుతో వూదాలి. వూదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగు పాడవుతుంది. మన దగ్గర మిరప కోతలయ్యాక ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి చేస్తే మంచిదని అతని సలహా. నేల మీద నుంచి జానెడు ఎత్తున బల్ల మీద పెట్టుకోవడం అన్నిటికన్నా చవకైన మరమ్మతు.

యింకో సంగతి. కంప్యూటరు పెట్టె తాకితే చేతికి జిల్లుమంటోందా? చాలా యిళ్ళలో దాన్ని మామూలే అనుకుంటారు. అది ఎర్తింగు లేదని చెప్పే గుర్తు. మనిషికీ ప్రమాదమే, యంత్రానికీ ప్రమాదమే. ఎలక్ట్రీషియన్ను పిలిచి ముందు అది బాగుచేయించాలి. వోల్టేజీ పెరిగి తగ్గే వూళ్ళలో యూపీఎస్ లేకుండా ఫొటోలు దిద్దడం సాహసమే. రాస్తూ రాస్తూ కరెంటు పోతే ఆ ఫైలే కాదు, ఒక్కోసారి డిస్కులోని పట్టిక మొత్తం చెడుతుంది. యూపీఎస్ వున్నది గంటలకొద్దీ పని చేసుకోవడానికి కాదు, పని దాచుకుని పద్ధతిగా ఆపడానికి. దాని బ్యాటరీ రెండు మూడేళ్ళకు మించి నమ్మదగ్గది కాదు.

ఎలాంటి యంత్రం కొనాలని చాలామంది అడుగుతుంటారు. పాతదాన్నే నిలబెట్టుకోవచ్చునంటాడు కుర్రాడు. హార్డు డిస్కు తీసి విండోస్‌ను ఎస్‌ఎస్‌డీలోకి మారిస్తే తెరుచుకునే వేగంలో తేడా వెంటనే తెలుస్తుంది. అందులో తిరిగే పలకలుండవు కాబట్టి కుదుపుకీ తట్టుకుంటుంది. రా ఫైళ్ళు దిద్దేవాళ్ళకు పదహారు జీబీ ర్యామ్ వుంటే హాయి. డిస్కును పీకల దాకా నింపకూడదు, పదిహేను శాతమైనా ఖాళీ వుంచాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ పాత యంత్రాన్ని యింటర్నెట్టుకి కలపకుండా ఫొటోలకే వాడుకునే వాళ్ళున్నారు, అదీ ఒక దారే.

దొంగ సాఫ్టువేరు జోలికి మాత్రం వెళ్ళవద్దు. వూరూరా పెన్‌డ్రైవుల్లో తిరిగే ఫొటోషాప్ కాపీలతో పాటు వైరస్సులూ వస్తాయి. ఫొటోలన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే రకాలు కూడా వాటిలో వున్నాయి. గింప్, డార్క్‌టేబుల్ వంటివి పూర్తిగా ఉచితం. నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి, అంతే. మాస్టారు యింతకుముందు గూగుల్ వారి పికాసా వాడేవారు. 2016లో గూగుల్ దాన్ని ఆపేసినప్పుడు ఆయన పడ్డ బాధ అంతా యింతా కాదు. యిప్పుడు డెబ్బైలో డార్క్‌టేబుల్ నేర్చుకున్నారు.

మూడుచోట్ల వుంటేనే వున్నట్టు

ఫొటోగ్రాఫర్ల మధ్య మూడు, రెండు, ఒకటి అని ఒక లెక్క ప్రచారంలో వుంది. ప్రతి ఫొటోకీ మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాల మీద వుండాలి. అందులో ఒకటి వేరే వూళ్ళో, లేదా కనీసం వేరే యింట్లో వుండాలి. దొంగలు పడ్డా, పాక అంటుకున్నా ఆ ఒక్కటి మిగులుతుంది. లెక్కల మాస్టారికి ఈ లెక్క ఆలస్యంగా తెలిసింది.

వాట్సాప్‌లో పంపాం కదా, వుంటాయిలే అనుకునేవాళ్ళు ఎక్కువ. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది. ఫోన్లో బాగానే కనబడుతుంది, పటం సైజుకి పెంచితే గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. అసలు ఫొటోనే పంపాలంటే డాక్యుమెంటుగా పంపాలి. ఈ చిట్కా ఈ విలేఖరికి చెప్పింది పెదకాకాని దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న ఒక గృహిణి. కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరప, వాటి మధ్య తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు ఆమె ఫోనుతోనే తీస్తారు. ‘‘నాకు కంప్యూటరు లేదు తమ్ముడూ. నెలకోసారి అన్నీ పెన్‌డ్రైవులో ఎక్కించి బీరువాలో పెడతాను. మా చెల్లెలి దగ్గర యింకోటి వుంటుంది. బంగారం అయితే తాకట్టు పెడతాం గానీ యివి పెట్టలేం కదా’’ అన్నారు. ఆమె తీసిన వాటిల్లో ఒకదానిలో ముఖమే లేదు. మిరప ఘాటుకి కొంగుతో ముక్కు మూసుకున్న ఒక ముసలామె కళ్ళు మాత్రమే వున్నాయి. డెబ్బై వేల కెమెరా పట్టుకున్నవాళ్ళు ఎందరో అలాంటి ఫొటో తీయలేదని ఈ విలేఖరి అభిప్రాయం.

ఎదుటివాళ్ళ సంగతి చెబుతూ తన సంగతి దాచడం న్యాయం కాదు. ఈ విలేఖరి కూడా ఒకసారి ఫైళ్ళు ఎక్కుతుండగానే కెమెరా కార్డు లాగేసి, రోజంతా తిరిగి తీసిన వార్తా ఫొటోలు పోగొట్టుకున్నాడు. అయితే ఆ కార్డు మీద మళ్ళీ ఏమీ తీయకుండా ఆపాడు కాబట్టి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో చాలావరకు తిరిగొచ్చాయి. కార్డులో చెరిగిపోయాయని తెలిసిన మరుక్షణం దాన్ని వాడడం మానేయాలి. దాని మీద కొత్తవి పడితే పాతవి యిక లేనట్టే.

డిస్కులు చాలావరకు చెప్పకుండా పోవు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాము డిస్కు ఆరోగ్యం ఎలా వుందో రంగుల్లో చూపిస్తుంది. నీలం బాగున్నట్టు, పసుపు కనబడితే ఆ రోజే కాపీ చేసుకోవాలి. కొన్ని డిస్కులు మాత్రం ఏ రంగూ చూపకుండానే ఆగిపోతాయి, అందుకే రెండో ప్రతి.

మాస్టారి యింట్లో యిప్పుడు పద్ధతి మారింది. ప్రతి ఆదివారం భోజనం చేశాక వారంలో తీసిన వాటిల్లో పదింట తొమ్మిది చెరిపేస్తారు. మిగిలినవి కంప్యూటరులో ఒకటి, బయటి డిస్కులో ఒకటి ఎక్కుతాయి. మూడో డిస్కు హైదరాబాదులో కూతురి దగ్గర వుంటుంది. పండక్కి ఆమె వచ్చినప్పుడు దాంట్లోకి కొత్తవి చేరతాయి. దానితోపాటు ముఖాలున్న ఫొటోల్లో మంచివాటిని గుంటూరు ల్యాబులో అచ్చు వేయించి ఎవరివి వాళ్ళకు యిచ్చేస్తున్నారు. మొదట్లో అవి కాస్త నల్లగా వచ్చేవి. మానిటరు వెలుగు మరీ ఎక్కువ పెట్టుకోవడం వల్ల కంటికి బాగున్నది కాగితం మీద మసకబారుతోందని తెలుసుకుని, వెలుగు తగ్గించుకున్నారు.

ఈ విలేఖరి వెళ్ళిన రోజు ఆయన కుమ్మరి పెద్దాయన మనవరాలి ఫొటో దిద్దుతున్నారు. ఆ పిల్ల తాత సారె మీద కూర్చుని ఆడుకుంటోంది. వెనక గోడకు ఆ ఆధార్ పటం వేలాడుతోంది. మాస్టారు దాన్ని కత్తిరించకుండా ఫొటోలో అలాగే వుంచారు. యింతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. మాస్టారు కంగారుపడలేదు. ఫైలు సేవ్ చేసి, కంప్యూటరు ఆపి, ‘‘పద, చెరువు దాకా పోయొద్దాం. ఎండ వాలింది, వెలుతురు బాగుంటుంది’’ అని కెమెరా మెళ్ళో వేసుకున్నారు.