అతిథికి తిథి

అతిథి అనే మాటకు పెద్దలు చెప్పే వ్యుత్పత్తి మన విద్యార్థులందరికీ తెలిసినదే. రాకకు తిథి నియమం లేనివాడు అతిథి. జాబు వ్రాసి వచ్చేవాడు చుట్టం. పొద్దుగుంకే వేళ చెప్పకుండా వచ్చి వీధి అరుగుమీద కూర్చుండి మంచినీళ్లడిగేవాడు అతిథి. తరగతిలో ఇంతవరకు చెప్పి ఊరుకుంటాము. కాని స్మృతికారులు మరొక మాట కూడ అన్నారు. ఒక్క రాత్రి నిలిచేవాడే అతిథి అని మనుస్మృతిలోని నిర్వచనం. అనగా రాకకు తిథి లేకపోయినా పోకకు ఉన్నదన్నమాట. ఈనాడు దేశాలమధ్య “వీసా అక్కరలేని ప్రవేశం” అని చెప్పుకొంటున్న ఏర్పాటు ఈ రెండవ నిర్వచనానికి వ్యాఖ్యానంవంటిది. మన యువకులలో కొందరు మొదటిదానిని మాత్రమే చదువుకొని విమానమెక్కుతున్నారు. ఈ వ్యాసం వ్రాయటానికి కారణం అదే.

ఒకప్పుడు ఈ బెడద ఇంతగా లేదు. 1914కు ముందు తాను పాస్‌పోర్టు అనే కాగితం కంటితో చూడకుండానే ఇండియాకు, అమెరికాకు వెళ్లి వచ్చినానని ఆస్ట్రియా రచయిత స్టెఫాన్ త్స్వైక్ తన స్మృతులలో చెప్పుకొన్నాడు. అంత దూరం పోనక్కరలేదు. కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఓడ ఎక్కి రంగూను చేరిన మన కూలీలకు కావలసినదల్లా డెక్కు టిక్కెట్టు. కోరంగి రేవు పేరుమీదుగా అక్కడ తెలుగువారందరికీ “కోరంగీలు” అనే పేరే స్థిరపడినది. 1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మాను ఇండియానుండి విడదీసేవరకు అది వారికి పరదేశం కాదు. ఒకే ప్రభుత్వం కింద మరొక రాష్ట్రం. మనుషులు కదలలేదు, సరిహద్దు కదిలినది. నిన్నటి పొరుగువాడు నేడు విదేశీయుడైనాడు.

మొదటి ప్రపంచయుద్ధం నాడు గూఢచారులకు భయపడి ఐరోపా దేశాలు పెట్టిన కట్టడి యుద్ధంతో పోలేదు. 1920లో నానాజాతి సమితి ఆధ్వర్యాన పారిసులో జరిగిన సమావేశం పాస్‌పోర్టు పుస్తకం ఏ విధంగా ఉండవలెనో నిర్ణయించినది. అదే సంవత్సరం మన దేశంలోనూ పాస్‌పోర్టు లేనిదే విదేశీయుడు ప్రవేశించరాదనే చట్టం వచ్చినది. తరువాత వచ్చిన మరి మూడు చట్టాలతో కలిపి దానిని రద్దుచేసి ఒకే చట్టంగా మార్చినది మొన్న 2025లోనే. తాత్కాలికమని తెచ్చిన కట్టుబాట్లు నూరేళ్లు బ్రతకటం మనకు కొత్త కాదు.

వీసా అన్న మాట లాటిన్‌ది. “చూడబడినది” అని అర్థం. మీ కాగితాలు ముందుగానే మీ ఊళ్లోని మా కార్యాలయంవారు చూచినారు అనే సాక్ష్యమే వీసా. కనుక వీసా అక్కరలేదంటే ముందుగా చూడము అని మాత్రమే అర్థం. అసలే చూడము అని కాదు. రాయబార కార్యాలయంలో అడగవలసిన ప్రశ్నలన్నీ విమానాశ్రయంలోని బల్లదగ్గరకు మారినవి, అంతే. ఎందుకు వచ్చినావు, ఎక్కడ దిగుతావు, చేతిలో ఎంత ఉన్నది, తిరిగి ఎప్పుడు పోతావు? సమాధానం తృప్తిగా లేకపోతే అదే విమానంలో వెనుకకు పంపటానికి ఆ అధికారికి హక్కున్నది. ఊళ్లో ఉండగా కాదంటే పోయేది దరఖాస్తు రుసుము. గుమ్మంలో కాదంటే పోయేది ప్రయాణం మొత్తం.

మనవారికి బాగా పరిచితమైన మలేషియా సంగతి చూడండి. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో ప్రాంతపు కొబ్బరితోటలకు మన ఉత్తర కోస్తా జిల్లాలనుండి పోయినవారి మనుమలు, మునిమనుమలు నేటికీ అక్కడ ఉన్నారు. 2023 డిసెంబరు 1నుండి భారతీయులు వీసా లేకుండా వచ్చి 30 రోజులు ఉండవచ్చునని ఆ ప్రభుత్వం ప్రకటించి, ఆ సౌకర్యాన్ని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించినది. అయితే రాకకు ముందు మూడు రోజులలోపల ఆగమనపత్రాన్ని ఇంటర్నెట్టుద్వారా నింపవలె. తిరుగు టిక్కెట్టు, ఖర్చుకు డబ్బు చూపించవలె. ఉద్యోగం చేయరాదు. 30 రోజులన్నది పరిమితి మాత్రమే, బాకీ కాదు. తక్కువ రోజులకు ముద్ర వేసినా అడిగేందుకు లేదు.

రోజుల లెక్క మరీ చిక్కు. ఇందులో గడుసుదనమంతా ఐరోపావారిది. లక్సెంబర్గులో షెంగెన్ అనే చిన్న గ్రామం దగ్గర మోసెల్ నదిలో నిలిచిన పడవమీద 1985 జూన్ 14న అయిదు దేశాలు ఒప్పందంపై సంతకాలు చేసినవి. నేడు 29 దేశాలు అందులో ఉన్నవి. లోపలి గోడలు తీసివేసినారు గనుక బయటి గుమ్మం ఒక్కటే. అక్కడి సూత్రం ఇది: ఏ 180 రోజులు తీసుకొన్నా అందులో 90కి మించి ఉండరాదు. వీసా అక్కరలేని అమెరికావాడికైనా, స్వల్పకాలపు వీసా పుచ్చుకొని పోయే మనకైనా ఇదే కొలత. వచ్చినరోజూ లెక్కే, పోయినరోజూ లెక్కే.

ఉపాధ్యాయులు దీనిని లెక్కగా పిల్లలకివ్వవచ్చును. ఒకడు 2025 జనవరి 1న ప్రవేశించి మార్చి 31న వెళ్లినాడు; సరిగా 90 రోజులు. మళ్లీ ఎప్పుడు రావచ్చు? ఒక రోజు పొరుగుదేశానికి పోయి వస్తే లెక్క మొదటికి వస్తుందని చాలమంది భ్రమ. రాదు. ప్రతి దినమూ నిలబడి వెనుకకు 180 రోజులు లెక్కించుకోవలె. ఆ మనిషి జూన్ 29న వస్తే 91వ రోజవుతుంది, తప్పు. జూన్ 30న జనవరి 1 ఆ కొలతనుండి జారిపోతుంది, రావచ్చును. పూర్వం ఈ లెక్క ముద్రలు చూచి అధికారి వేళ్లమీద వేసుకొనేవాడు. 2025 అక్టోబరు 12నుండి వేలిముద్రలు, ముఖచిత్రం తీసుకొని యంత్రమే లెక్కించే పద్ధతి మొదలైనది. యంత్రానికి దాక్షిణ్యం లేదు.

అమెరికా, బ్రిటన్‌ల విషయం టూకీగా చెబుతాను, ఆ సౌకర్యం మనకు లేదు గనుక. కొన్ని దేశాలవారికి 90 రోజుల వీసా మినహాయింపును అమెరికా 1986నాటి చట్టంతో ఏర్పరచినది. 2009నుండి వారు కూడ బయలుదేరకముందే కంప్యూటరులో అనుమతి పొందవలె, 2010నుండి రుసుమూ చెల్లించవలె. 2023నుండి బ్రిటన్‌దీ అదే దారి. వీసాను వీధి తలుపున సాగనంపి పెరటి తలుపున పిలిచినట్లున్నది. మనమూ ఉదారులమేమీ కాదు: నేపాలు, భూటాను పౌరులకు, పర్యటనకు వచ్చే మాల్దీవులవారికి తప్ప దాదాపు అందరికీ ఏదో ఒక వీసా ఉండవలసిందే.

ఇక అసలు సంగతి. ఇరాన్ 2024 ఫిబ్రవరిలో మన పర్యాటకులకు 15 రోజుల వీసా మినహాయింపు ఇచ్చినది. 2025 నవంబరు 22నుండి దానిని నిలిపివేసినది. ఏమిటి కారణం? ఉద్యోగాలిప్పిస్తామనీ, అక్కడినుండి మరొక దేశం దాటిస్తామనీ ఆశపెట్టి దళారులు మనవారిని ఆ దారిన తీసుకొనిపోయినారు; దిగిన తరువాత వారిని బంధించి, విడుదలకు ఇంటివారిని డబ్బడిగినారు. ఈ మాట మన విదేశాంగశాఖ ప్రకటనలోనే ఉన్నది. థాయిలాండులో ఉద్యోగమని పోయి, సరిహద్దు దాటించబడి, బర్మాలోని మ్యావాడీ ప్రాంతపు మోసాల కొట్టాలలో చిక్కుకొన్న వందలమందిని 2025 మార్చిలో మన ప్రభుత్వం విమానాలలో తిరిగి తెచ్చినది. వారిలో తెలుగువారూ ఉన్నారు. ముత్తాతలు డెక్కు టిక్కెట్టుతో పోయిన దేశమే; కాని వారు కూలికని చెప్పి కూలికే పోయినారు. వీరిని ఇంటినుండి కదిలించినది “వీసా కూడ అక్కరలేదట” అన్న మాట. పర్యాటకుడిగా నమోదై పనికి కుదిరినవాడు ఆ దేశపు దృష్టిలో అతిథీ కాదు, కార్మికుడూ కాదు. జీతం ఎగవేసినా ఫిర్యాదు చేయటానికి భయపడవలసిన మనిషి.

పోయిన సంవత్సరం నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చినాడు. కంప్యూటరు పని, తూర్పుదేశాలలో, మంచి జీతమట. నడుమ మనిషికి అప్పటికే లక్ష రూపాయలు ఇచ్చినాడు.

“వీసా ఏదిరా?” అన్నాను.

“అక్కరలేదు మాష్టారూ. వెళ్లిన తరువాత వాళ్లే ఇప్పిస్తారట.”

పనికి పంపే ఏజెంట్లు 1983నాటి చట్టం ప్రకారం విదేశాంగశాఖవద్ద నమోదు కావలె. ఆ పట్టిక ఎవరైనా ఇంటర్నెట్టులో చూడవచ్చును. ఇద్దరమూ కూర్చుండి వెదికినాము. ఆ పేరు లేదు. వాడు నమ్మలేక సంచిలోనుండి టిక్కెట్టు తీసి చూపినాడు. రానూ పోనూ టిక్కెట్టు అది. వెళ్లిన ఇరవైతొమ్మిదవ నాటికి తిరుగు ప్రయాణం.

“రెండేళ్ల ఉద్యోగానికి నెల లోపల తిరుగు టిక్కెట్టెందుకు కొన్నాడోయ్ అతడు?”

వాడు ఆ తేదీవంక చాలసేపు చూచినాడు. తరువాత ఫోను తీసుకొని అరుగుమీదకు వెళ్లి, వాళ్ల నాన్నతో మెల్లగా మాట్లాడటం వినిపించినది.