గూడబాతుల పుట్టిల్లు

చెన్నై నుంచి హైవే మీద సూళ్లూరుపేట దాటి నాయుడుపేట వైపు వస్తుంటే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు దారి చీలుతుంది. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చోటికి ప్రాణం ఒక ఊరి చెరువు. దట్టమైన అడవిని ఊహించుకుని వచ్చినవాళ్లకు కట్ట ఎక్కగానే కాస్త నిరాశే. అది వాచ్‌టవర్ ఎక్కేదాకానే.

నీళ్లలో నిలిచిన కడప చెట్లు, కొమ్మ కొమ్మకూ గూళ్లు. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఒకే చెట్టును పంచుకుంటాయి. అంత పెద్ద గూడబాతు దాదాపు మూగది. చెవులు గింగురుమనిపించే గోలంతా పిల్లలదే. తల్లి వాలీ వాలగానే దాని ముక్కు కింది సంచిలోకి తల దూర్చేసి చేపలు లాగేసుకుంటాయి. ఎంత లోపలికంటే, తల్లే పిల్లను మింగేస్తోందేమోనని మొదటిసారి చూసినవాళ్లు కంగారు పడతారు.

'సైబీరియా నుంచి వచ్చాయి' అని చూడవచ్చిన పెద్దలెవరో ఒకరు పిల్లలకు చెబుతూనే ఉంటారు. చలికాలానికి ఉత్తరాది నుంచి దిగే బాతులు ఉన్నమాట నిజమే. గూడబాతులు మాత్రం మన దక్షిణాసియావే. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా ఏటా ఇక్కడికి చేరతాయి. వాటిని విదేశీ అతిథులనడం నాకు మింగుడుపడదు.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు కురిసి చెరువు నిండితేనే ఈ సందడి. చెట్ల చుట్టూ నీళ్లుంటే నక్కలు, పిల్లులు గూళ్ల జోలికి రాలేవు. మేతకు పులికాట్ సరస్సు దగ్గరే. రెట్టలు కలిసిన చెరువు నీరు పారితే పైరు ఏపుగా పెరుగుతుందని రైతులంటారు. వాళ్లకు ఎరువు ఖర్చు కొంతైనా తగ్గుతుంది మరి. వానలు మొహం చాటేసిన ఏడాది పైరుతోపాటు గూళ్లూ తగ్గుతాయి.

సూళ్లూరుపేటలో జరిగే పండుగ పేరేమో ఫ్లెమింగో ఫెస్టివల్! ఆ గులాబీ పక్షులు నేలపట్టులో గూళ్లు కట్టవు. పులికాట్‌కు మేతకొస్తాయి, అంతే. జనం ఎగబడే ఆ రోజులు వదిలేసి, జనవరిలోనే మరో పనిదినాన పొద్దున్నే నేలపట్టు చూడండి. ఫ్లెమింగోల కోసం తర్వాత శ్రీహరికోట రోడ్డు పట్టండి. దారికి రెండువైపులా సరస్సే. బైనాక్యులర్స్ మరిచిపోవద్దు, అవి ఒడ్డుకు దగ్గరగా రావు.