మందుబిళ్ళను కొన్నది ఎవరు?

అత్తా, అప్పా, చెల్లీ! ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఇంట్లో మందుబిళ్ళల అట్ట ఏదైనా ఉంటే తెచ్చుకోండి. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చినదైతే మరీ మంచిది. ఖాళీ అట్ట అయినా ఫరవాలేదు.

తెచ్చారా? ఇప్పుడు వెనక్కి తిప్పండి. అక్షరాలు చీమల్లా ఉంటాయి. సర్కారు మందు అయితే దాని మీద "ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు" అనే మాట ఇంగ్లీషులో ఉంటుంది. ఆ ముక్క ఇంట్లో పిల్లల చేత చదివించండి. అంకెలు మాత్రం మీరే చదవండి. రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి మందు తయారైన నెల. రెండోది గడువు తీరే నెల. గడువు తీరిన బిళ్ళ వేసుకోకూడదు.

అట్ట పక్కన పెట్టండి. మా ఎస్. రాయవరం సంగతి ఒకటి చెబుతాను.

మేం రాత్రిపూట చదువుకునే చోటికి ఒక అత్త వచ్చేది. చురుకైన మనిషి. మూడు నెలల్లో సంతకం నేర్చుకుంది, ఆరు నెలల్లో బస్సు బోర్డు చదివింది. ఆమెకు బీపీ ఉంది. ప్రతి నెలా సర్కారు ఆసుపత్రికి వెళ్ళి బిళ్ళలు తెచ్చుకునేది. ఒక నెల వట్టి చేతులతో వచ్చింది.

"ఏమైంది అత్తా?" అన్నాను.

"బిళ్ళలు నేవన్నారు టీచరమ్మా. బయట కొనుక్కోమన్నారు. కూలి పన్లు నేని రోజులు, ఏటి పెట్టి కొంతాను?"

"ఎందుకు లేవో అడిగావా?"

"ఊరికే ఇత్తన్నారు. ఊరికే ఇచ్చినోళ్ళని గట్టిగా అడుగుతామా?"

ఆ మాటకు నాకు అప్పుడు జవాబు తోచలేదు. అత్త రెండు నెలలు బిళ్ళ మానేసింది. బీపీ నొప్పి పెట్టే జబ్బు కాదు కదా, బాగానే ఉన్నాననుకుంది. ఒకరోజు తెల్లవారి లేచేసరికి కుడి చెయ్యి పైకి లేవలేదు. పక్షవాతం. ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

అప్పటి నుంచి ఆమె అడిగిన మాటకు జవాబు వెతుకుతున్నాను. నాకు దొరికినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, అది ఊరికే ఇచ్చింది కాదు. మనం ఇన్‌కంటాక్సు కట్టం, నిజమే. కానీ సెల్లు రీఛార్జి చేయిస్తాం. అందులో 100 రూపాయల సేవకు 18 రూపాయలు పన్ను. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా అంతో ఇంతో పన్ను ఉంటుంది. ఆ డబ్బు పోగై సర్కారు ఖజానాకు చేరుతుంది. అందులోంచే మందులు కొంటారు. అంటే అత్త బిళ్ళకు అత్త కూడా డబ్బు కట్టింది. ముందే కట్టింది.

పైగా అక్కడ మందు దొరకకపోతే రెండోసారి కట్టాలి, మందుల షాపులో. మన దేశంలో 2013-14లో వైద్యానికి అయిన ప్రతి 100 రూపాయల్లో 64 రూపాయలు జనం జేబులోంచే పోయాయి. 2021-22 నాటికి అది 39 రూపాయలకు తగ్గిందని కేంద్ర ప్రభుత్వ లెక్క. తగ్గడం మంచిదే. కూలి చేసుకునే ఇంటికి ఆ 39 కూడా బరువే.

మరి మందు తయారు కావడం లేదా అంటే, మన పక్కనే తయారవుతోంది! నక్కపల్లిలో మందుల కంపెనీ ఉంది. పరవాడలో ఫార్మా సిటీయే ఉంది. 2025 జనవరి 8న నక్కపల్లి దగ్గర మందుల ముడిసరుకు పార్కు కోసం ప్రధాని నరేంద్ర మోదీ విశాఖపట్నంలో శంకుస్థాపన చేశారు. అడ్డరోడ్డు మీద నిలబడితే కంపెనీ బస్సులు పోతూ కనిపిస్తాయి. మన ఊళ్ళ పిల్లలు అందులో పనికి పోతున్నారు. చెరువు గట్టు మీద ఉండి గుక్కెడు నీళ్ళు లేనట్టుంది మన పరిస్థితి. ఎందుకంటే మందు తయారు చెయ్యడం వేరు, దాన్ని కొని మన ఆసుపత్రి అరలో పెట్టడం వేరు. ఆ కొనే పని దగ్గరే ఉంది కిటుకంతా.

సర్కారు మందు కొనాలంటే ఎవరో ఒకరు మూడు సంగతులు తేల్చాలి. ఏ మందు కొనాలి? ఎంతకు కొనాలి? ఎవరి దగ్గర కొనాలి?

ఏ మందు అన్నదానికి ఒక దారి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో ఒక జాబితా వేసింది. తప్పకుండా ఉండాల్సిన మందులు ఇవీ అని. మన దేశం అలాంటి జాబితా 1996లో వేసుకుంది. 2022 జాబితాలో 384 మందులు ఉన్నాయి. అత్త వేసుకునే బీపీ బిళ్ళ లాంటివి అందులో ఉంటాయి.

ఇక ధర. దీనికి అనకాపల్లి బెల్లం చెప్పుకుందాం. దిమ్మ ఒకటే. దాన్ని అలాగే అమ్మితే ఒక ధర. రంగు కాగితం చుట్టి, అందమైన పేరు పెట్టి, టీవీలో చూపించి అమ్మితే ఇంకో ధర. తీపి మాత్రం అదే. మందు కూడా అంతే. మందుకు ఒక అసలు పేరు ఉంటుంది. కంపెనీ పెట్టుకున్న పేరు ఇంకొకటి ఉంటుంది. అసలు పేరుతో కొంటే చవక. కంపెనీ పేరుకు డబ్బు పోస్తే ఎక్కువ. గురజాడ వారు పుట్టిన ఊరు మనది. కంపెనీ ఏజెంట్ల మాటలు వింటుంటే నాకు ఆయన గిరీశమే గుర్తొస్తాడు. (చవక మందు కూడా పరీక్ష నెగ్గిన మందే కావాలి సుమా. ఆ సంగతి ముందు వస్తుంది.)

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పలక తీసుకోండి.

సర్కారు దగ్గర 300 రూపాయలు ఉన్నాయనుకుందాం. నలుగురు అమ్మేవాళ్ళను పిలిచి, ఎవరు తక్కువకు ఇస్తారో అడిగి కొన్నారు. దీన్నే టెండరు అంటారు. బిళ్ళ రూపాయికి వచ్చింది. 300 బిళ్ళలు. రోజుకు ఒకటి చొప్పున పదిమందికి నెల గడుస్తుంది.

అదే 300 రూపాయలు. ఈసారి టెండరు లేదు. పైనుంచి ఎవరో ఫోను చేశారు. "ఫలానా వాడు మనవాడు, అతని దగ్గర కొనండి" అన్నారు. బిళ్ళ మూడు రూపాయలు పడింది. ఎన్ని బిళ్ళలు వస్తాయి? 100. ముగ్గురికి నెల గడుస్తుంది, పది బిళ్ళలు మిగులుతాయి. మిగతా ఏడుగురూ? వాళ్ళకు చెప్పేది ఒకటే మాట. "బిళ్ళలు లేవు."

ఇవి నేను అనుకున్న అంకెలే. కానీ ఇలా జరిగిందని నిజంగా కేసులు నడిచాయి. కంపెనీలో పనిచేసే మీ అబ్బాయి జీతం చీటీ చూడండి. నెలకు 21,000 రూపాయలు దాటని జీతం అయితే ఈఎస్ఐ కింద కొంత కోస్తారు. 2019 జులై నుంచి 100 రూపాయల జీతానికి 75 పైసలు పనివాడి వాటా, మూడు రూపాయల పావలా యజమాని వాటా. ఆ డబ్బుతో కార్మికులకు, వాళ్ళ ఇంటివాళ్ళకు వైద్యం. తెలంగాణలో ఆ ఈఎస్ఐ మందులను ఎక్కువ ధరకు కొన్నారని, దొంగ బిల్లులు పెట్టారని కేసు పెట్టి 2019 సెప్టెంబరులో ఆ శాఖ డైరెక్టరును ఏసీబీ వాళ్ళు అరెస్టు చేశారు. మన రాష్ట్రంలోనూ 2020 ఫిబ్రవరిలో విజిలెన్సు వాళ్ళు అలాంటి నివేదికే ఇచ్చారు. టెండర్లు లేకుండా కొన్నారన్నది అందులో ఒక ఆరోపణ. 2014 తర్వాత కార్మిక మంత్రిగా చేసిన కె. అచ్చెన్నాయుడు గారిని 2020 జూన్ 12న అరెస్టు చేశారు. ఆగస్టులో హైకోర్టు బెయిలు ఇచ్చింది. ఇది కక్షతో పెట్టిన కేసు అని ఆయన పార్టీ అంది. అరెస్టు వేరు, నేరం రుజువు కావడం వేరు. తప్పు ఎవరిదో తేల్చాల్సింది కోర్టు. మనం గుర్తుపెట్టుకోవలసింది వేరే ఉంది. మందు కొనే కాగితం మీద సంతకం చేసే చెయ్యి దగ్గరికి రాజకీయం చాలా తేలిగ్గా చేరుతుంది.

ఎన్నికలకు పార్టీలకు డబ్బు కావాలి. పెద్ద కంపెనీలు ఇస్తాయి. ఎవరు ఎవరికి ఇచ్చారో జనానికి తెలియకుండా ఇచ్చే ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. పేర్లు బయటపెట్టమంది. బయటపడ్డ జాబితాలో డాక్టర్ రెడ్డీస్, హెటెరో, నాట్కో, దివీస్ లాంటి హైదరాబాదు మందుల కంపెనీలు కూడా ఉన్నాయి. డబ్బు ఇచ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. ఆ రోజుల్లో అది చట్టం ఒప్పుకున్న పనే. కానీ ఇచ్చేవాడెవరో తెలియకపోతే, ఎందుకు ఇచ్చాడని ఎవరిని అడుగుతాం?

దీనికి మందు లేదా? ఉంది. తమిళనాడు వాళ్ళు కనిపెట్టారు.

అక్కడ మందుల కొనుగోళ్ళ మీద పెద్ద గొడవ జరిగాక, 1994లో ఒక సంస్థ పెట్టారు. రాష్ట్రంలోని సర్కారు ఆసుపత్రులకు కావలసిన మందులు చాలావరకు అదే కొంటుంది. మందు అసలు పేరుతోనే టెండరు. కొద్ది సరుకు కొనేవాడి కంటే బండ్ల కొద్దీ కొనేవాడికి ధర తగ్గుతుంది కదా. సరుకు వచ్చాక కొన్ని బిళ్ళలు తీసి, కంపెనీ పేరు కనిపించకుండా చేసి పరీక్షకు పంపుతారు. పరీక్ష చేసేవాడికి అది ఎవరి మందో తెలియదు. ఇక ఎవరికని మొహమాటపడతాడు? నాకు మరీ నచ్చింది పాస్‌బుక్కు. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్కు ఇస్తారు. మన డ్వాక్రా పాస్‌బుక్కు లాంటిదే. ఈ ఏడాది మీకు ఇన్ని రూపాయల మందులు అని అందులో రాస్తారు. తీసుకెళ్ళిన కొద్దీ కొట్టేస్తారు. ఎంత వాడారో, ఎంత మిగిలిందో డాక్టరుకు ఎదురుగానే ఉంటుంది. రాజస్థాన్ కూడా ఇలాంటి పద్ధతి పెట్టుకుని 2011 అక్టోబరు 2 నుంచి ఉచిత మందులు ఇవ్వడం మొదలుపెట్టింది.

మన రాష్ట్రంలోనూ అలాంటి సంస్థ ఉంది. ఏపీ ఎంఎస్ఐడీసీ అంటారు. మంగళగిరిలో దాని ఆఫీసు. మందుల లెక్క కంప్యూటరులో ఉంటుంది. ఆ పద్ధతి పేరు ఈ-ఔషధి. మరి అయినా బిళ్ళలు ఎందుకు అయిపోతాయి? కారణాలు చాలా ఉంటాయి. కింద ఆసుపత్రి వాళ్ళు ఎన్ని కావాలో తక్కువ రాయవచ్చు. కంపెనీకి పాత బిల్లు డబ్బు రాకపోతే కొత్త సరుకు పంపదు. గోదాములో మందు ఉండి కూడా బండి రాకపోవచ్చు. అన్నిటికీ దొంగతనమే కారణం అనుకోకూడదు. కానీ ఏ కారణమో తెలుసుకునే హక్కు మనకు ఉంది.

ఇంకో రకం రాజకీయం ఉంది. అందులో లంచం ఉండదు, కేసూ ఉండదు. డబ్బు దేని మీద పెట్టాలి అన్న చోట అది ఉంటుంది.

2007 ఏప్రిల్ 1న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి కాలంలో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాత రాష్ట్రమంతా వచ్చింది. గుండె ఆపరేషను కోసం ఆవును, గేదెను అమ్ముకునే బాధ చాలా ఇళ్ళకు తప్పింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ చూడండి. 2014 తర్వాత దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024 తర్వాత మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. పార్టీ మారితే బోర్డు మారుతుంది, కార్డు మీద ఫొటో మారుతుంది. పెద్ద ఆపరేషను కథ నలుగురికీ తెలుస్తుంది, ఓటు రోజున గుర్తుంటుంది. బీపీ బిళ్ళకు ఫొటో వెయ్యరు. రిబ్బను కత్తిరించరు. అత్తకు పక్షవాతం రాకుండా ఆగి ఉంటే, అది ఎవరి ఖాతాలోనూ పడేది కాదు. రాని జబ్బుకు ఎవరు దండం పెడతారు? అందుకే అడిగేవాళ్ళు లేకపోతే రోజువారీ బిళ్ళ వెనక్కి పోతుంది.

అడిగితే ఏమవుతుంది అంటారా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మనలాగే రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణం ఎందుకు ఉండాలని అడిగారు. సారా పాటల మీద సర్కారుకు బోలెడు డబ్బు వచ్చేది. అయినా 1993 అక్టోబరు 1న సారాను నిషేధించక తప్పలేదు.

మనం అడగడానికి ఇప్పుడు ఒక చట్టం కూడా ఉంది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు. మండల స్థాయికి 5 రూపాయలు. ఆపైన 10 రూపాయలు. పేదవాళ్ళని గుర్తింపు ఉన్నవాళ్ళు ఏమీ కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎందుకు అడుగుతున్నావని వాళ్ళు మనల్ని అడగకూడదు.

పోయిన నెల అత్త అలాంటి కాగితం ఒకటి రాయించింది. నేను రాస్తానంటే ఒప్పుకోలేదు, తనే చెప్పి మనవరాలి చేత రాయించింది. అందులో మూడే ప్రశ్నలు. ఆ రెండు నెలల్లో బీపీ బిళ్ళలు ఎన్ని కావాలని రాశారు? ఎన్ని వచ్చాయి? ఏ తేదీన అయిపోయాయి?

కింద సంతకం మాత్రం తనే పెట్టింది, ఎడమ చేత్తో. అక్షరాలు వంకరగా వచ్చాయి. "సదవగలరా టీచరమ్మా?" అని అడిగింది. చదవగలరని చెప్పాను. ఇవాళ్టికి పన్నెండు రోజులైంది. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. అత్త రోజుకొక గీత చొప్పున గోడ మీద గీస్తోంది.