పరిశోధన ప్రాజెక్టులలో శ్రమ నమోదు, ధ్రువీకరణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రాయోజిత పరిశోధనకు మంజూరైన నిధులలో గణనీయమైన భాగం మనుషుల శ్రమకే ఖర్చవుతుంది. కొన్న పుస్తకానికి రసీదు ఉంటుంది. చేసిన ప్రయాణానికి టికెట్టు ఉంటుంది. పరిశోధన సహాయకుడు ఒక నెలంతా చేసిన పనికి రసీదు ఏది? ఈ ప్రశ్నకు సమాధానంగా రూపొందిన పద్ధతే శ్రమ నమోదు, ధ్రువీకరణ. ఈ పద్ధతి స్వరూపాన్ని, అమెరికా, ఐరోపా దేశాలలో అది పొందిన పరిణామాన్ని, భారతదేశంలోని వినియోగ ధ్రువపత్ర విధానంతో దానికున్న సంబంధాన్ని వివరించడం, తెలుగు శాఖలలో జరిగే క్షేత్రపరిశోధనకు అన్వయించి చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రాయోజిత పరిశోధన, శ్రమ శాతం, వినియోగ ధ్రువపత్రం, క్షేత్రపర్యటన, పరిశోధన సహాయకులు, పనిభారం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు శాఖలలో పరిశోధన అనగానే ఒంటరిగా గ్రంథాలయంలో కూర్చున్న పరిశోధకుడే గుర్తుకొస్తాడు. కానీ మాండలిక పదసేకరణ, జానపద వాఙ్మయ సంకలనం, తాళపత్ర సూచీకరణ, స్థలచరిత్రల పరిష్కరణ వంటివి ఒక్కరి వల్ల అయ్యే పనులు కావు. ఇటువంటి పనులకు యూజీసీ, ఐసీఎస్‌ఎస్‌ఆర్ వంటి సంస్థలు నిధులిస్తూ వచ్చాయి. ఐసీఎస్‌ఎస్‌ఆర్ మార్గదర్శకాలలో పరిశోధన సిబ్బందికి మొత్తం బడ్జెట్‌లో 45 శాతం వరకు, క్షేత్రపర్యటనకు 35 శాతం వరకు పరిమితి కనిపిస్తుంది. అంటే 5,00,000 రూపాయల ప్రాజెక్టులో సిబ్బంది పద్దు 2,25,000 రూపాయల వరకు ఉండవచ్చు. అన్ని పద్దులలోకీ పెద్దదైన ఈ పద్దుకే ఆధారాలు తక్కువగా ఉండటం గమనించదగిన విషయం.

2. తెలుగునేలపై పూర్వరూపాలు:

శ్రమను నెలనెలా రాసి ఉంచే పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. కాలిన్ మెకంజీ స్థానిక చరిత్రల సేకరణలో ప్రధాన సహాయకులు కావలి సోదరులు. 1803లో కావలి వెంకట బొర్రయ్య మరణించాక ఆయన సోదరుడు లక్ష్మయ్య ఆ బాధ్యతను స్వీకరించాడు. సేకరణ ఎంతవరకు సాగిందో తెలుపుతూ సహాయకులు మెకంజీకి పంపిన నెలవారీ నివేదికలు మెకంజీ పత్రాలలో భద్రంగా ఉన్నాయి. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏమి సేకరించారు, ఏ ఆటంకాలు ఎదురయ్యాయి అన్న వివరాలు వాటివల్లే తెలుస్తున్నాయి.

1821లో మెకంజీ మరణించాడు. ఆ కృషిని తన ఆధ్వర్యంలో కొనసాగించే అవకాశం ఇవ్వమని లక్ష్మయ్య చేసిన విన్నపం ఫలించలేదు. సంస్థ ఆయనకు నాయకత్వాన్ని నిరాకరించినా, రాతపూర్వకమైన ఆధారం ఆయన శ్రమను నిలబెట్టింది. ఫిలిప్ వాగనర్ 2003లో ప్రచురించిన వ్యాసం వంటి ఇటీవలి అధ్యయనాలు మెకంజీ సహాయకులను కేవలం సమాచారం అందించినవారుగా కాక, ఆ జ్ఞాననిర్మాణంలో భాగస్వాములుగా చూడగలగడానికి ఈ పత్రాలు తోడ్పడ్డాయి.

ఇరవయ్యో శతాబ్దిలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తిపదకోశం ఇటువంటి సమష్టి కృషికి ప్రసిద్ధ ఉదాహరణ. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడ్డాయి. ఇలాంటి కోశంలో ప్రతి ఆరోపం వెనుక ఒక గ్రామం, ఒక వక్త, అడిగి రాసుకొన్న ఒక మనిషి ఉంటారు. ఆ మూడవ వ్యక్తి పని ఎంత అన్నదే ప్రస్తుత చర్చలోని ప్రధానాంశం.

3. శ్రమ శాతం అంటే ఏమిటి?

ఒక ఉద్యోగి వృత్తిపరంగా చేసే మొత్తం పనిలో ఒక ప్రాజెక్టుకు వెచ్చించిన భాగాన్ని శ్రమ శాతం అంటారు. ఇక్కడ మూడు సూత్రాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, హారం ఎప్పుడూ మొత్తం పనే. అధ్యాపకుని పనిభారం వారానికి 40 గంటలకు తగ్గరాదని యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. ఒక అధ్యాపకుడు వాస్తవంగా వారానికి 60 గంటలు పనిచేసి, అందులో 15 గంటలు ప్రాజెక్టుకు కేటాయించాడనుకొందాం. ఆయన శ్రమ 25 శాతం. 15ను 40తో భాగించి 37.5 శాతం అని రాయడం పొరపాటు.

రెండవది, అన్ని పనుల మొత్తం 100 శాతాన్ని మించదు. బోధన, పరీక్షల విధులు, పరిశోధన పర్యవేక్షణ, పరిపాలన, రెండు మూడు ప్రాజెక్టులు అన్నీ ఆ 100లోనే ఇమడాలి. ఒక్కో ప్రాజెక్టు దరఖాస్తును విడిగా చూస్తే ఏ అంకె అయినా సబబుగానే తోస్తుంది. అన్నిటినీ ఒకచోట కూడినప్పుడే అసాధ్యత బయటపడుతుంది.

మూడవది, నమోదు పని జరిగిన తర్వాత జరగాలి. దరఖాస్తులో రాసిన శాతం ఒక అంచనా. నెల ముగిశాక రాసేది వాస్తవం. మొదటిదాన్నే రెండవదానిగా చూపితే ధ్రువీకరణకు అర్థం ఉండదు.

యూజీసీ 2010 నిబంధనలలో అధ్యాపకుని పరిశోధనకు వారానికి కనీసం 6 గంటలు కేటాయించాలన్న ప్రస్తావన ఉంది. 40 గంటలలో ఇది 15 శాతం. 2018 నిబంధనల ప్రకారం సహాయాచార్యుని ప్రత్యక్ష బోధన వారానికి 16 గంటలు. బోధనకు సన్నద్ధం కావడం, జవాబుపత్రాలు దిద్దడం, నాక్ దస్త్రాలు, ప్రవేశాల పనులు దీనికి అదనం. ఈ స్థితిలో ఒక అధ్యాపకుడు 50 శాతం శ్రమను ప్రాజెక్టుకు ఇస్తానని రాస్తే, ఆ మేరకు ఏ పని తగ్గిందో కళాశాల చెప్పగలగాలి.

4. అమెరికా, ఐరోపా అనుభవాలు:

అమెరికాలో సమాఖ్య ప్రభుత్వ నిధులతో సాగే విశ్వవిద్యాలయ పరిశోధనకు ఏ–21 అనే సర్క్యులర్ చాలాకాలం ప్రమాణంగా ఉండేది. విశ్వవిద్యాలయంలో బోధన, పరిశోధన, సేవ, పరిపాలన ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయనీ, వాటిని కచ్చితంగా విడదీసి కొలవడం అన్నివేళలా సాధ్యం కాదనీ ఆ సర్క్యులర్ స్వయంగా అంగీకరించింది. అందువల్ల గంటల లెక్కకు బదులు సహేతుకమైన అంచనాను అనుమతించింది. అయితే ఆ అంచనాను ధ్రువీకరించే వ్యక్తి పని చేసినవాడైనా కావాలి, లేదా పని జరిగిందని తెలుసుకొనే తగిన మార్గం ఉన్నవాడైనా కావాలి.

ఉల్లంఘనలకు మూల్యం పెద్దదిగానే ఉండేది. పరిశోధకుల శ్రమను ఎక్కువ చేసి చూపారన్న ఆరోపణలపై నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2003లో 55 లక్షల డాలర్లు చెల్లించి ప్రభుత్వంతో పరిష్కారం చేసుకొంది. యేల్ విశ్వవిద్యాలయం 2008లో 76 లక్షల డాలర్లు చెల్లించింది. వేసవి వేతనం పొందిన కొందరు పరిశోధకులు ఇతర పనులు కూడా చేస్తూనే నూరు శాతం శ్రమ ప్రాజెక్టుకే వెచ్చించినట్లు చూపారన్నది యేల్‌పై వచ్చిన ఆరోపణలలో ఒకటి.

దీనికి మరో పార్శ్వం ఉంది. సమాఖ్య నిధులతో పరిశోధించే ఆచార్యులపై 2005లో జరిగిన సర్వేలో, ఆ పరిశోధనకు కేటాయించిన కాలంలో 42 శాతం పరిపాలనా పనులకే పోతున్నదని తేలింది. శ్రమను కాపాడవలసిన పత్రమే శ్రమను తినివేస్తున్నదన్న విమర్శ బలపడింది. 2014 డిసెంబర్ 26 నుంచి అమల్లోకి వచ్చిన ఏకరూప మార్గదర్శకాలు నిర్దిష్టమైన పత్రం కంటే సంస్థలోని అంతర్గత నియంత్రణకు ప్రాధాన్యమిచ్చాయి. బడ్జెట్ అంచనాలు మాత్రమే వేతన ఖర్చుకు ఆధారం కాజాలవనీ, తాత్కాలికంగా వాడినా తర్వాత వాస్తవంతో సరిచూడాలనీ స్పష్టం చేశాయి.

ఐరోపా సమాఖ్య హొరైజన్ కార్యక్రమంలో పనిదినాల లెక్క ఉంది. ఏడాదికి 215 పనిదినాలను ప్రాతిపదికగా తీసుకొని, ప్రాజెక్టుకు వెచ్చించిన దినాలను నెలవారీగా ప్రకటిస్తారు. ప్రకటనపై పనిచేసినవారు, పర్యవేక్షకులు సంతకం చేస్తారు. పద్ధతులు వేరైనా, పని చూసినవారే సంతకం చేయాలన్న సూత్రం ఉమ్మడిది.

5. భారతీయ వినియోగ ధ్రువపత్రం – ఒక ఖాళీ:

మనదేశంలో కేంద్ర ప్రభుత్వ నిధులకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి వర్తిస్తుంది. దానిలోని 238వ నియమం వినియోగ ధ్రువపత్రాన్ని నిర్దేశిస్తుంది. 12–ఏ నమూనాలో ప్రారంభ నిల్వ, అందిన గ్రాంటు, వడ్డీ, ఖర్చు, మిగులు వివరాలు ఉంటాయి. వీటితోపాటు కొన్ని ధ్రువీకరణలు కూడా ఉంటాయి. ఆర్థిక వినియోగానికి తగిన భౌతిక ఫలితాలను గమనించే అంతర్గత నియంత్రణ ఉందని, ముఖ్య బాధ్యులకు పనులు స్పష్టంగా అప్పగించామని సంతకందారులు హామీ ఇస్తారు.

మూల నమూనాలో సంతకాలు రెండు. ఒకటి ఆర్థిక విభాగాధిపతిది, రెండవది సంస్థాధిపతిది. క్షేత్రంలో పని జరిగిందో లేదో ప్రత్యక్షంగా ఎరిగిన ప్రధాన పరిశోధకుని సంతకానికి, పనిచేసిన సహాయకుని సంతకానికి ఆ నమూనాలో స్థానం లేదు. ఆయా సంస్థలు అదనపు పత్రాలు కోరవచ్చు. కానీ ఈ నమూనా ఒక్కటే చూస్తే, ధ్రువీకరించేవారికి పని తెలియదు, పని తెలిసినవారు ధ్రువీకరించరు. వేతనం చెల్లించినట్లు బ్యాంకు ఖాతా నిరూపిస్తుంది. ఆ వేతనానికి ఏ పని జరిగిందో అది చెప్పలేదు. ఈ ఖాళీని పూరించే బాధ్యత కళాశాల స్థాయి రికార్డులపైనే పడుతుంది.

6. తిరువూరు పరిసరాలకు అన్వయం:

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతం మామిడి తోటలకు పేరుపొందింది. పొరుగునే తెలంగాణలోని ఖమ్మం జిల్లా ఉంది. తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఎ.కొండూరు మండలాలలో మామిడి సాగు పదాలను సేకరించి, సరిహద్దు ఆవలి పదాలతో పోల్చే ప్రాజెక్టును ఒక కళాశాల చేపట్టిందని ఊహిద్దాం. పూత, పిందె, కాపు, అంటు, చిక్కం వంటి మాటలను తోటలోనే, పని జరిగే వేళలోనే సేకరించాలి. పూత మాటలు జనవరిలోను, కోత మాటలు ఏప్రిల్, మే నెలలలోను దొరుకుతాయి. పరీక్షలు, స్పాట్ వాల్యుయేషన్ తరచుగా వచ్చేదీ ఆ వేసవి నెలలలోనే.

ఇక్కడ సగం కాలానికి నియమించిన సహాయకుని శ్రమ ప్రతినెలా 50 శాతమని రాయడం వాస్తవానికి దూరం. జనవరిలో 80 శాతం, మార్చిలో 20 శాతం పనిచేస్తే ఆ రెండు నెలల సగటు 50 శాతమే అవుతుంది. రిజిస్టరులో మాత్రం 80, 20 అనే కనిపించాలి. తనిఖీ అధికారికి అదే నమ్మదగిన లెక్క.

మరో సందర్భం మరింత సున్నితమైనది. నెలకు 20,000 రూపాయలకు పూర్తికాలం నియమించిన సహాయకుని చేత కళాశాల నెలలో ఒక వారం నాక్ దస్త్రాల పని చేయించిందనుకొందాం. నెలను నాలుగు వారాలుగా లెక్కిస్తే ప్రాజెక్టు శ్రమ 75 శాతం. ప్రాజెక్టు ఖాతాపై 15,000 రూపాయలు మాత్రమే పడాలి. తక్కిన 5,000 కళాశాల భరించాలి. సహాయకుడు తరచుగా ఆ శాఖలోనే పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి. పర్యవేక్షకుడు చెప్పిన పనిని కాదనగల స్థితిలో అతడు ఉండడు. నిజమైన నమోదు ఉన్నచోట అతడు నోరు విప్పకుండానే విషయం పత్రంపై కనిపిస్తుంది. ఆర్థిక క్రమశిక్షణ కోసం పుట్టిన ఈ పద్ధతి బలహీనునికి రక్షణగా మారే సందర్భం ఇదే.

7. ఆచరణీయమైన నమూనా:

భాషాశాఖలకు ఒక్కొక్కరికి నెలకు అరపేజీ నమోదు చాలు. అందులో ఈ అంశాలు ఉండాలి:

• పేరు, హోదా, నెల, ఆ నెలలో తీసుకొన్న సెలవులు.
• ప్రాజెక్టు, బోధన, ఇతర విధుల శాతాలు, మొత్తం 100.
• జరిగిన పని: తిరిగిన గ్రామాలు, కలిసిన వక్తల సంఖ్య, ధ్వనిముద్రణల నిడివి, తయారైన ఆరోపాల సంఖ్య.
• పనిచేసినవారి సంతకం, ప్రధాన పరిశోధకుని సంతకం, తేదీలు.
• వేతన పద్దుతో తేడా ఉంటే సవరణ వివరం.

సవరణ అవసరమైతే పాత అంకెను చెరిపివేయకుండా కొట్టివేసి, పక్కన కొత్త అంకెను, తేదీని, కారణాన్ని రాయాలి. ఏడాది చివర పన్నెండు పత్రాలనూ ఒకేసారి నింపి సంతకాలు చేయడం ఈ పద్ధతికి ప్రధాన శత్రువు. జ్ఞాపకం నుంచి రాసిన అంకెలు సహజంగానే బడ్జెట్ అంకెలను పోలి ఉంటాయి.

8. ఒక ఆక్షేపణ:

ఆలోచనను శాతాలతో కొలవలేమని, ఒక శబ్దవ్యుత్పత్తి గురించి రాత్రింబవళ్లు ఆలోచించే పండితునికి ఇది అవమానమని అనవచ్చు. ఈ ఆక్షేపణలో కొంత నిజముంది. పైన చెప్పిన సర్క్యులరే కచ్చితమైన కొలత అసాధ్యమని ఒప్పుకొంది. కానీ ధ్రువీకరణ ఆలోచన విలువను కొలవదు. ప్రజాధనంతో వేతనం పొందిన కాలం ఏ పనికి వెళ్లిందన్న ఒక్క విషయాన్నే అడుగుతుంది. గంటగంటకూ లెక్క అడిగే పర్యవేక్షణగా మారితే అది పరిశోధనకు హాని చేస్తుంది. నెలకొక నిజాయితీ గల అంచనాగా ఉంటే మేలు చేస్తుంది.

9. ముగింపు:

• వేతన చెల్లింపుకు ఆధారం వేరు, శ్రమకు ఆధారం వేరు. ఒకటి ఉన్నంతమాత్రాన రెండవది ఉన్నట్లు కాదు.
• శ్రమ శాతానికి హారం వాస్తవమైన మొత్తం పని. దరఖాస్తులోని అంచనా వాస్తవానికి ప్రత్యామ్నాయం కాదు.
• వినియోగ ధ్రువపత్రంలోని హామీలకు బలం రావాలంటే, పని ఎరిగినవారి సంతకాలతో కూడిన నెలవారీ నమోదు సంస్థలో ఉండాలి.
• ఆ నమోదు సహాయకుల వేతనానికే కాక, గ్రంథంలో వారి పేరు నమోదు కావడానికీ ఆధారమవుతుంది.

కావలి లక్ష్మయ్య కృషి నేటి పరిశోధకులకు తెలియడానికి కారణం ఆ కాలపు నెలవారీ నివేదికలు. ఈనాటి తోటలలో, ఊళ్లలో పదాలు సేకరిస్తున్న పరిశోధన సహాయకుల కృషి రేపటివారికి తెలియాలన్నా అటువంటి రాతే కావాలి.