కంప్యూటరు తెరపై ఇంటిపన్నుల పట్టీ

గీతలు గీసిన రిజిస్టరులో ఇంటి నెంబరు, యజమాని పేరు, డిమాండు, వసూలు, బాకీ అని శీర్షికలు పెట్టి లెక్క వ్రాయుట పంచాయతీ సభ్యులెల్లరు ఎరిగినదే. కార్యదర్శి కంప్యూటరుపై చూపు స్ప్రెడ్‌షీటు కూడ స్వభావమున అట్టి పట్టీయే. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇరువురు అమెరికనులు రూపొందించిన విసికాల్క్ మొదలు నేటి ఎక్సెల్ వరకు దీని అమరిక పెద్దగా మారలేదు.

తెర పైభాగమున ఎడమనుండి కుడికి ఏ, బి, సి అను ఆంగ్లాక్షరములు కనబడును. ఇవి నిలువు వరుసల పేర్లు. ఎడమ అంచున పైనుండి క్రిందికి ఉండు 1, 2, 3 అను అంకెలు అడ్డు వరుసలకు గుర్తులు. రెండును కలియు చోటు గడి. సి నిలువు వరుసయు 5వ అడ్డు వరుసయు కలిసిన గడి పేరు సి5. ఎక్సెల్‌లో ఒక్క పుటకు 10,48,576 అడ్డు వరుసలు కలవు. ఎంత పెద్ద గ్రామమునకైనను చాలును! క్రింది అంచున పుటల పేర్లుండును. ఇంటిపన్నునకు ఒకటి, నీటిపన్నునకు ఒకటి పెట్టుకొనవచ్చును.

గడులకు పైన ఒక పొడవైన పెట్టె కలదు. సభ్యులు ముఖ్యముగ చూడవలసినది దీనినే. సి డిమాండు, డి వసూలు, ఇ బాకీ అనుకొందము. ఇ5 గడిలో 350 అని కనబడినను, ఆ గడిని ఎంచుకొన్నపుడు పై పెట్టెలో ‘=సి5-డి5’ అని యుండవలెను. అట్లున్నచో వసూలు మారినంతనే బాకీయు మారును. పై పెట్టెలోను 350 అనియే యున్నచో, ఎవరో చేతితో వ్రాసిరన్నమాట. రైతు వచ్చి పన్ను కట్టినను ఆ బాకీ తరుగదు.

వసూలు గడిలో 850 అని మాత్రమే వ్రాయవలెను. ‘850 రూ.’ అని వ్రాసినచో యంత్రము దానిని అంకెగా గాక అక్షరములుగా నెంచి, మొత్తము కూడునపుడు చడిచప్పుడు లేక విడిచిపెట్టును. సాధారణముగ అంకెలు గడిలో కుడి అంచున, అక్షరములు ఎడమ అంచున నిలుచును గనుక కంటితోనే పట్టవచ్చును.

అన్నిటికన్న ప్రమాదము వేరొకటి. పేర్ల వరుసను మాత్రమే ఎంచుకొని అక్షరక్రమమున అమర్చినచో పేర్లు కదలును, బాకీలు కదలవు. పన్ను చెల్లించినవాని పేరున పొరుగువాని బాకీ నిలుచును. ప్రక్క వరుసలను కూడ చేర్చవలెనా యని ఎక్సెల్ అడుగును, చేర్చుమనియే చెప్పవలెను. డిమాండు నోటీసులు అచ్చగుటకు ముందు నాలుగైదు ఇండ్ల లెక్కను రశీదు పుస్తకముతో సరిచూచుట సభ్యుల పని.